బ్యాటరీ మీద టీవీ: తెర తాగేది కొంచెం, దారిలో పోయేది ఎక్కువ

రాత్రి తొమ్మిది దాటింది. కరెంటు కనెక్షన్ లేని చోట మోటార్‌హోమ్, అంటే ఇల్లులా వాడుకునే బండి, ఆగి ఉంది. లోపల టీవీ నడుస్తోంది. ఎవరో చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పారు. నీళ్ల పంపు గుర్రుమంది, వెంటనే టీవీ తెర నల్లబడింది. కుళాయి కట్టేశాక కంపెనీ లోగో మళ్లీ తెర మీదికొచ్చి, టీవీ మొదటి నుంచి ఆన్ అవడం మొదలైంది. ఇలా రెండుసార్లు జరిగితే చాలు, లోపలున్నవాళ్లు ఒక మాటకు వచ్చేస్తారు: బ్యాటరీ పనైపోయింది, ఇంకా పెద్దది వేయించాలి.

చాలాసార్లు ఆ నిర్ణయం తప్పు. ఆ సమయంలో బ్యాటరీ టెర్మినల్స్ మీద వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తే 12.3 వోల్టులు ఉండొచ్చు. అంటే అందులో ఇంకా సగానికి పైగా ఛార్జ్ ఉంది. అదే మీటర్‌ను టీవీ ప్లగ్ దగ్గర పెట్టి కుళాయి తిప్పితే 10.5 చూపిస్తుంది. బ్యాటరీలో ఉన్నది టీవీ దాకా చేరడం లేదు. దారిలోనే పోతోంది. మోటార్‌హోమ్‌లో టీవీ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ దారికి సంబంధించినవే. బ్యాటరీ మార్చడం ఖర్చుతో కూడిన పని, బరువు పెంచే పని కూడా. అందుకే ముందు దారి చూసుకోవాలి, బ్యాటరీ సంగతి తర్వాత.

ముందుగా టీవీ నిజంగా ఎంత తీసుకుంటుందో చూద్దాం. మోటార్‌హోమ్‌లలో ఎక్కువగా కనిపించే 24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ సుమారు 20 నుంచి 35 వాట్ల మధ్య తీసుకుంటుంది. 32 అంగుళాలదైతే 30 నుంచి 55 దాకా. టీవీ వెనక స్టిక్కర్ మీద ఉండే 12 వోల్టులు, 3 ఆంపియర్లు అన్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, రోజువారీ వాడకం అంతకంటే తక్కువ ఉంటుంది. యూరప్‌లో 2021 మార్చి నుంచి అమ్ముతున్న టీవీల ఎనర్జీ లేబుల్ మీద వెయ్యి గంటలకు ఎన్ని కిలోవాట్ అవర్లు అని రాసి ఉంటుంది. ఆ అంకెనే నేరుగా వాట్లుగా చదువుకోవచ్చు: వెయ్యి గంటలకు 24 కిలోవాట్ అవర్లు అంటే గంటకు 24 వాట్ అవర్లు, అంటే 24 వాట్లు. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ చిత్రాలకు వేరే అంకె ఉంటుంది, అది చాలా పెద్దదిగా కూడా ఉండొచ్చు. చూసుకోవాలి.

లెక్క సులువుగా ఉండటానికి 30 వాట్ల టీవీని తీసుకుందాం. సాయంత్రం మూడు గంటలు చూస్తే 90 వాట్ అవర్లు. 12 వోల్టుల బ్యాటరీలో అది ఏడున్నర ఆంప్ అవర్లు (ఒక ఆంపియర్ కరెంటును గంటసేపు తీస్తే ఒక ఆంప్ అవర్). పక్కనే ఉన్న కంప్రెసర్ ఫ్రిజ్ రోజు మొత్తంలో 30, 40 ఆంప్ అవర్లు అవలీలగా లాగేస్తుంది. ఆ లెక్కన టీవీది చిన్న ఖర్చే. మరి బ్యాటరీ తెల్లారేసరికి ఎందుకు ఖాళీ అవుతుంది?

జవాబు తరచుగా ఇన్వర్టర్ దగ్గర దొరుకుతుంది. చిన్న టీవీల్లో చాలావాటికి బయట ఒక అడాప్టర్ ఉంటుంది. గోడ ప్లగ్‌లోని 230 వోల్టుల ఏసీని (కొన్ని దేశాల్లో 120) అది 12 లేదా 19 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ అడాప్టర్‌ను ఇన్వర్టర్‌కు తగిలిస్తే జరిగేది ఇది: బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని ఇన్వర్టర్ 230 వోల్టుల ఏసీగా ఎక్కిస్తుంది, అడాప్టర్ దాన్ని మళ్లీ 12 వోల్టుల డీసీకి దించుతుంది. ఎక్కించడంలో కొంత వేడిగా పోతుంది, దించడంలో ఇంకొంత. అడాప్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే 30 వాట్ల టీవీకి అడాప్టర్ 35 వాట్లు తీసుకోవాలి. ఇన్వర్టర్ 90 శాతం అనుకుంటే ఆ 35 కాస్తా 39 అవుతుంది.

అక్కడితో ఆగితే పెద్ద నష్టమేమీ కాదు. అసలు నష్టం ఇన్వర్టర్ తన కోసం తాను తీసుకునేది. ఏ లోడూ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా ఇన్వర్టర్‌కు కొంత కరెంటు కావాలి. 300 వాట్ల చిన్నదానికి 5 నుంచి 10 వాట్లు సరిపోతాయి. కాఫీ మెషిన్ కోసమో హెయిర్ డ్రయ్యర్ కోసమో పెట్టించిన 2000 వాట్ల ఇన్వర్టర్‌కు 20 వాట్లు మామూలే, కొన్నింటికి ఇంకా ఎక్కువ. గోటితో పోయేదానికి గొడ్డలి వాడటం ఇదే. 39కి ఆ 20 కలిపితే దాదాపు 60 వాట్లు. టీవీకి అవసరమైనది 30, బ్యాటరీ ఇచ్చేది 60. మూడు గంటలకు ఏడున్నర బదులు 15 ఆంప్ అవర్లు. టీవీ కట్టేసి, ఇన్వర్టర్ స్విచ్ మర్చిపోయి పడుకుంటే మిగతా 21 గంటలూ 20 వాట్ల చొప్పున 420 వాట్ అవర్లు, అంటే 35 ఆంప్ అవర్లు పోతాయి. మొత్తం 50. వంద ఆంప్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిశ్చింతగా వాడుకోగలిగేది కూడా సుమారు అంతే. మూడు గంటల టీవీకి బ్యాటరీ వాటా మొత్తం కరిగిపోయిందన్నమాట. అందులో తెర వెలగడానికి ఖర్చయింది ఏడున్నరే.

అందుకే 12 వోల్టులతో నేరుగా నడిచే టీవీ ఉంటే ఇన్వర్టర్ ఊసే అక్కర్లేదు. అడాప్టర్ తీసి పక్కన పెట్టి, అది ఇచ్చే కరెంటునే బ్యాటరీ నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది. వినడానికి ఇంత సులువుగా ఉంది కానీ ఇక్కడ తొందరపడకూడదు. మోటార్‌హోమ్‌లో ‘12 వోల్టులు’ అన్నది పేరుకే. బాగా వాడిన బ్యాటరీ మీద లోడు పడితే 11.5కి దిగుతుంది. ఛార్జింగ్ నడుస్తుంటే 14.4, కొన్ని ఛార్జర్లతో 14.8 దాకా ఎక్కుతుంది. ఇంటి కోసం చేసిన టీవీ అడాప్టర్ మాత్రం నికరంగా 12 ఇస్తుంది, లోపలి సర్క్యూట్‌ను ఆ లెక్కకే తయారు చేసి ఉండొచ్చు. ఎక్కువ వోల్టేజీకి కొన్ని టీవీలు ఏళ్ల తరబడి తట్టుకుంటాయి, కొన్ని ఒక్కరోజులో పోతాయి. ఏది ఏ రకమో బయటి నుంచి చూసి చెప్పలేం.

దీనికి రెండు దారులున్నాయి. కారవాన్‌లు, లారీల కోసం చేసిన టీవీలను ఈ హెచ్చుతగ్గులు తట్టుకునేలాగే తయారు చేస్తారు. మాన్యువల్‌లో ఏ వోల్టేజీ నుంచి ఏ వోల్టేజీ దాకా నడుస్తుందో స్పష్టంగా రాసి ఉంటుంది. చేతిలో ఉన్నది మామూలు టీవీ అయితే మధ్యలో ఒక డీసీ టు డీసీ స్టెబిలైజర్ పెట్టాలి. బ్యాటరీ 11 ఇచ్చినా 14.8 ఇచ్చినా అది టీవీకి 12 మాత్రమే పంపుతుంది. కొనేటప్పుడు ఒక్క సంగతి గమనించాలి: వోల్టేజీని దించడమే తెలిసిన స్టెబిలైజర్ ఇక్కడ సగం పనికే వస్తుంది. దించడం, ఎక్కించడం రెండూ వచ్చినదే కావాలి. టీవీ 19 వోల్టులదైతే 12 నుంచి 19కి ఎక్కించే కన్వర్టర్లు ఉంటాయి. కారులో ల్యాప్‌టాప్ ఛార్జ్ చేసుకునేవి ఇలాంటివే. ప్లగ్ సైజు ఒక్కటే చూసుకుంటే చాలదు. మధ్యలోని పిన్ను ప్లస్సా మైనసా అన్నది అడాప్టర్ మీద బొమ్మ గీసి ఉంటుంది, అది కూడా కలవాలి. ఈ మార్పిడిలోనూ కొంత పోతుంది, కానీ ఇన్వర్టర్ దారితో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఇక లారీ ఛాసిస్ మీద కట్టిన పెద్ద మోటార్‌హోమ్‌లలో బండి వైరింగ్ 24 వోల్టులది కావచ్చు. అక్కడ సాకెట్ దొరికింది కదా అని 12 వోల్టుల టీవీ తగిలిస్తే అది అక్కడికక్కడే కాలిపోవచ్చు.

టీవీ లోపలే అడాప్టర్ ఉండి, నేరుగా ఏసీతోనే నడిచేదైతే ఇన్వర్టర్ తప్పదు. అప్పుడు టీవీకి మాత్రమే ఒక చిన్న ఇన్వర్టర్, 150 లేదా 300 వాట్లది, విడిగా పెట్టుకోవడం మంచిది. గోడ ప్లగ్‌లోని కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోవాలి. అలను మెట్లు మెట్లుగా ఇచ్చే మాడిఫైడ్ సైన్ వేవ్ చవకే, చాలా టీవీలు దాని మీద నడుస్తాయి కూడా. కానీ స్పీకర్లో సన్నటి గుయ్‌మనే రొద రావచ్చు, పవర్ సప్లయ్ ఎక్కువ వేడెక్కవచ్చు.

ఇప్పుడు కుళాయి తిప్పగానే ఆరిపోయిన టీవీ దగ్గరికి వద్దాం. అందులో ఇన్వర్టర్ లేదు. అది 12 వోల్టుల మీదే నడుస్తోంది. లోపమంతా వైరులో ఉంది. బ్యాటరీ నుంచి టీవీ దాకా ఆరు మీటర్ల దూరం అనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి రాగి పొడవు 12 మీటర్లు. అక్కడ వేసింది 0.75 స్క్వేర్ ఎంఎం వైరు, చిన్న లైట్లకు వాడే రకం. దాని నిరోధం లెక్క వేస్తే సుమారు 0.28 ఓంలు వస్తుంది. టీవీ లాగే రెండున్నర ఆంపియర్లకు ఇందులో 0.7 వోల్టు పోతుంది. బ్యాటరీ దగ్గర 12.3 ఉంటే టీవీ దగ్గర 11.6. ఇంతవరకు టీవీ నడుస్తుంది. పంపు కూడా అదే వైరు నుంచి తీసుకుంటోంది. అది మొదలవగానే ఇంకో నాలుగు ఆంపియర్లు పడ్డాయి. మొత్తం ఆరున్నర. ఇప్పుడు వైరులో పోయేది 1.8 వోల్టులు. టీవీకి మిగిలింది పదిన్నర, అందుకే ఆరిపోయింది.

ఇంట్లో 230 వోల్టుల లైన్లో 1.8 వోల్టులు తగ్గితే ఎవరికీ తెలియను కూడా తెలియదు. 12లో 1.8 అంటే ఏడో వంతు. తక్కువ వోల్టేజీ వైరింగ్‌కు ఇంటి వైరింగ్ అలవాట్లు పనికిరానిది ఇందుకే. పైన చెప్పిన దూరానికే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేసి, దాన్ని బ్యాటరీ వైపు ఫ్యూజు బాక్సు నుంచి టీవీకి మాత్రమే విడిగా తెస్తే తగ్గేది 0.2 వోల్టు. పంపు ఎన్నిసార్లు మోగినా టీవీ దగ్గర 12.1 కదలదు. కొన్ని మీటర్ల వైరు, ఒక ఫ్యూజు, ఒక పూట పని. ఇంకో బ్యాటరీ కొనేముందు చేయాల్సిన పని ఇది.

సిగరెట్ లైటర్ సాకెట్ గురించి కూడా ఒక మాట. అది స్ప్రింగ్ ఒత్తిడితో నిలబడే కాంటాక్ట్. బండి కుదుపులకు వదులవుతుంది, వదులైన చోట వేడెక్కుతుంది. టీవీ నడిచాక ఆ ప్లగ్‌ను చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగులుతుంటే, వోల్టేజీ అక్కడ కూడా పోతోందని అర్థం. తిప్పి బిగించే రకం సాకెట్ పెడితే ఈ బెడద ఉండదు.

ఫ్యూజు విషయంలో ఏ మినహాయింపూ లేదు. 12 వోల్టులు షాక్ కొట్టదు కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. షాక్ కొట్టకపోవచ్చు, కానీ బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి, సన్న వైరు ఎర్రగా కాలి పక్కనున్న చెక్కకు అంటుకుంటుంది. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. కాబట్టి దాన్ని ప్లస్ వైరు మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. టీవీ దగ్గర పెడితే మధ్యలోని ఆరు మీటర్లకు రక్షణ లేనట్టే. ఈ టీవీ లైనుకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

బ్యాటరీ సంగతికి వద్దాం. బండిని స్టార్ట్ చేసే బ్యాటరీ, లోపలి అవసరాలకు వాడే బ్యాటరీ చూడటానికి ఒకేలా ఉన్నా వాటి స్వభావం వేరు. మొదటిదానిలో పలుచని ప్లేట్లు చాలా ఉంటాయి. కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి అది తయారైంది. గంటల తరబడి మెల్లగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది, పైగా పొద్దున బండి స్టార్ట్ కాదు. టీవీని ఎప్పుడూ రెండోదాని మీదే నడపాలి.

రెండోదాని మీద 100 ఆంప్ అవర్లు అని రాసి ఉంటే, సాధారణంగా అది 20 గంటల లెక్క: 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. అంతకంటే వేగంగా తీస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ మొత్తంగా ఇచ్చేది తగ్గుతుంది. దీన్ని 1897లో జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ ప్యూకర్ట్ సూత్రంగా చెప్పాడు. టీవీ తీసుకునే రెండున్నర ఆంపియర్లు బ్యాటరీకి సుఖమైన వేగం. ఇన్వర్టర్ మీద కెటిల్ పెడితే వంద ఆంపియర్లు దాటుతుంది, కష్టం అక్కడ.

లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచుగా సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తగ్గిపోతుంది. సగం ఎక్కడో తెలుసుకోవాలంటే, లోడు, ఛార్జింగ్ రెండూ లేకుండా కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచి వోల్టేజీ చూడాలి: నిండుగా ఉంటే 12.7, సగంలో సుమారు 12.2, ఇంచుమించు 12కి వస్తే పావు వంతే మిగిలినట్టు. టీవీ నడుస్తుండగా చూసిన అంకె నిజం కంటే తక్కువ చూపిస్తుంది, ఛార్జర్ తీసేసిన వెంటనే చూసినది ఎక్కువ చూపిస్తుంది. ఇంకో అపోహ కూడా ఉంది. ‘ఇన్వర్టర్ ఎలాగూ కూత పెట్టి ఆగిపోతుంది కదా, బ్యాటరీకి ఏమీ కాదు’ అనుకుంటారు. చాలా ఇన్వర్టర్లు ఆగేది 10.5 వోల్టుల దగ్గర. టీవీ లాంటి చిన్న లోడుతో అంత కిందికి దిగిందంటే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినట్టే. ఆ కూత కోసం ఎదురు చూస్తూ రోజూ టీవీ చూస్తే ఎంత మంచి బ్యాటరీ అయినా ఎక్కువ కాలం నిలవదు. అలా ఖాళీ అయిన బ్యాటరీని వారాల తరబడి ఛార్జ్ చేయకుండా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత సామర్థ్యం తిరిగి రాదు. నాలుగైదేళ్ల బ్యాటరీ మీద రాసి ఉన్న వంద అంకెను నమ్మకూడదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలతో ఈ బాధల్లో చాలా భాగం పోతుంది. వంద ఆంప్ అవర్లలో 80, 90 వాడుకోవచ్చు. లెడ్ యాసిడ్ 25, 30 కిలోలు తూగే చోట ఇది 11 నుంచి 13 కిలోలే ఉంటుంది. దాదాపు చివరి దాకా 13 వోల్టుల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, ఛార్జ్ ఉన్నంతసేపు బ్యాటరీ వోల్టేజీ పడిపోయి టీవీ ఆరిపోదు. అదే దీనిలో చిక్కు కూడా: వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, వెళ్లిన కరెంటును, వచ్చిన కరెంటును లెక్కబెట్టే బ్యాటరీ మానిటర్ కావాలి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దీన్ని ఛార్జ్ చేయకూడదు. మంచి బ్యాటరీలో లోపలి సర్క్యూటే ఆపేస్తుంది. ఛార్జర్ కూడా లిథియంకు సరిపోయేది కావాలి.

ఖర్చు తగ్గించే మార్గాల్లో అన్నిటికంటే తేలికైనది తెర వెలుగు. ఎల్‌ఈడీ టీవీలో కరెంటులో ఎక్కువ భాగం తెర వెనక దీపాలకే పోతుంది. దుకాణంలో కళ్లు చెదిరేలా కనిపించాలని పెట్టిన వెలుగు, రెండు మీటర్ల దూరంలో కూర్చుని లైట్లు ఆర్పుకుని చూసేవారికి అవసరం లేదు. బ్యాక్‌లైట్‌ను, అంటే ఆ దీపాల వెలుగును, సగానికి దించితే వాడకంలో మూడో వంతు దాకా తగ్గొచ్చు, కళ్లకు కూడా హాయిగా ఉంటుంది. స్మార్ట్ టీవీ అయితే సెట్టింగ్స్‌లో, నొక్కగానే తెర వచ్చేలా టీవీని సిద్ధంగా ఉంచే ‘క్విక్ స్టార్ట్’ ఆన్‌లో ఉందేమో చూడాలి. మామూలు స్టాండ్‌బైలో అర వాట్ పోయే చోట, అది ఆన్‌లో ఉంటే కొన్ని టీవీల్లో పది వాట్లు దాటుతుంది. మూడు గంటలు చూడటానికి 90 వాట్ అవర్లు, చూడని 21 గంటలకు 210. కొసరు అసలును మించిపోయింది. టీవీ లైనులో ఒక మామూలు స్విచ్ పెట్టి, చూడటం అయిపోగానే కట్టేస్తే ఈ గొడవే ఉండదు.

సిగ్నల్ తెచ్చే పరికరాలనూ లెక్కలో వేసుకోవాలి. శాటిలైట్ బాక్సుకు 10, 15 వాట్లు కావాలి. డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరానికి 13 లేదా 18 వోల్టులు పంపేది కూడా ఆ బాక్సే. దానంతట అదే తిరిగే డిష్ వెతికే కొద్ది నిమిషాలే ఎక్కువ లాగుతుంది. ఇంటర్నెట్ ద్వారా చూస్తే రౌటర్‌కు 5 నుంచి 10 వాట్లు. ఒక్కరే చూసేటట్టయితే 5 నుంచి 10 వాట్లలో నడిచే ట్యాబ్ ఈ మొత్తం ఏర్పాటు కంటే ఎంతో నయం.

వాడినది తిరిగి నింపుకోవడానికి బండి నడపడమే అన్నిటికంటే నమ్మకమైన మార్గం. బండి కరెంటుతో లోపలి బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ టు డీసీ ఛార్జర్ ఉంటే గంట ప్రయాణంలో 30 ఆంప్ అవర్ల దాకా వస్తుంది, అంటే నేరుగా నడిచే మన టీవీకి నాలుగు సాయంత్రాలు. ఇంధనం ఆదా కోసం వోల్టేజీని తానే తగ్గించుకునే ఆల్టర్నేటర్లు (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారు చేసేవి) ఉన్న కొత్త బండ్లలో, రెండు బ్యాటరీలను నేరుగా కలిపే పాత తరహా రిలే స్విచ్‌తో బ్యాటరీ సరిగా నిండదు, ఈ ఛార్జర్ ఉండాల్సిందే. వంద వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండ రోజున 300 వాట్ అవర్లు ఇవ్వగలదు, అందులో టీవీకి పోయేది మూడో వంతు కంటే తక్కువ. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల్లో చలికాలం వస్తే మాత్రం ఇది వందకు కూడా చేరకపోవచ్చు. టీవీ ఎక్కువసేపు నడిచేది కూడా ఆ పొడవాటి రాత్రుల్లోనే. లెడ్ యాసిడ్ బ్యాటరీ సామర్థ్యం సున్నా డిగ్రీల దగ్గర దాదాపు ఐదో వంతు తగ్గేదీ, హీటర్ ఫ్యాన్ తెల్లవార్లూ తిరిగేదీ అప్పుడే. కదలకుండా మూడు నాలుగు రోజులు చలిలో ఆగేవారికి, పెద్ద తెర కావాలనుకునేవారికి రెండో బ్యాటరీ నిజమైన అవసరం. అలాంటివారు కూడా కొనే ముందు ఒక సాయంత్రం టీవీ ఆన్ చేసి, కుళాయి తిప్పి, మల్టీమీటర్‌తో రెండు చోట్లా చూడాలి: బ్యాటరీ దగ్గర ఒకసారి, టీవీ ప్లగ్ దగ్గర ఒకసారి. రెండు అంకెల మధ్య తేడా అర వోల్టు దాటితే ముందు మార్చాల్సింది వైరు.